ఫీడ్‌బ్యాక్ గడిలో ఒక చుక్క

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో టెక్కలి బస్సు కోసం నిలబడ్డ ఒక డిగ్రీ విద్యార్థిని ఫోనులో కాలేజీ ఫీడ్‌బ్యాక్ ఫారం నింపుతుంటే ఈమధ్య పక్కనుంచి చూశాను. ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి ఇరవై దాకా ప్రశ్నలు. బొటనవేలు ఒకే వరసలో కిందికి జారుతూ పోయింది. అన్నింటికీ ‘చాలా బాగుంది’. బస్సు వచ్చేలోగా ఆరుగురు అధ్యాపకులకు మార్కులు పడిపోయాయి. చదవకుండానే నొక్కేస్తున్నావేమిటమ్మా అంటే, “ఇది పూర్తయితేనే హాల్ టికెట్ వస్తుందండీ” అంది. చివర్లో సూచనలు రాయమన్న గడిలో ఒక చుక్క పెట్టింది. ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలదట.

నన్ను పట్టుకున్నది ఆ చుక్కే. మూడేళ్లు కూర్చుని పాఠాలు విన్న అమ్మాయికి చెప్పడానికి ఏమీ లేక కాదు. చెప్పినా తిరిగి ఒక్క మాట రాదని ఆమెకు తెలుసు.

కాలేజీకి మాత్రం ఆ ఫారం కావాలి. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసి గుర్తింపునిచ్చే న్యాక్ 2017లో తెచ్చిన విధానంలో విద్యార్థుల సంతృప్తి సర్వే ఒక భాగమైంది. కాలేజీ ఇచ్చిన జాబితాను బట్టి న్యాకే విద్యార్థులకు మెయిల్ పంపుతుంది. ఇరవై ఒక్క ప్రశ్నల్లో చివరిది మాత్రమే సొంత మాటల్లో రాయవలసింది. అనుబంధ కళాశాలల్లో పదిశాతం మంది లేదా వందమంది, ఏది తక్కువైతే అంతమంది జవాబిస్తే చాలు. ఇది కాక కాలేజీ సొంతంగా సేకరించే ఫీడ్‌బ్యాక్ వేరే ఉంటుంది. రంగురంగుల గ్రాఫులు గీసి ఫైల్లో పెడతారు. న్యాక్ బృందం వచ్చినప్పుడు ఆ ఫైలు బయటికొస్తుంది, వెళ్లగానే బీరువాలోకి పోతుంది.

ఆ గ్రాఫులు నిజంగా బోధననే కొలుస్తున్నాయా? అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఒక ఆన్‌లైన్ కోర్సుకు ఇద్దరు సహాయ బోధకులు, ఒక పురుషుడు, ఒక మహిళ, కొన్ని బృందాలకు పేర్లు మార్చుకుని పాఠం చెప్పారు. 2015లో అచ్చయిన ఆ అధ్యయనంలో, ఎవరు చెప్పినా సరే, మగ పేరు కనిపించిన చోటే మార్కులు ఎక్కువ పడ్డాయి. జర్మనీలో మున్‌స్టర్ వైద్య విద్యార్థుల్లో కొన్ని బృందాలకు తరగతిలో చాక్లెట్ కుకీలు పెట్టి చూశారు. తిన్నవాళ్లు అధ్యాపకులకు ఎక్కువ మార్కులు వేశారు. మన దగ్గర కుకీలతో పని లేదు, ఇంటర్నల్ మార్కులున్నాయి. 2018లో టొరంటోలోని రైయర్సన్ విశ్వవిద్యాలయం కేసులో మధ్యవర్తి, పదోన్నతుల కోసం బోధనా సామర్థ్యాన్ని ఈ సర్వేలతో కొలవకూడదని తీర్పిచ్చారు. మన కాలేజీల్లో ఏటా కొనసాగింపు కోసం ఎదురుచూసే గెస్ట్ ఫ్యాకల్టీ సంగతి ఆలోచించండి. ఫీడ్‌బ్యాక్ పడిపోతుందన్న భయం ఉన్నవాడు గట్టిగా ప్రశ్న అడుగుతాడా, పేపరు కఠినంగా దిద్దుతాడా?

విద్యార్థి భయం మరో రకం. రోల్ నంబరుతో లాగిన్ చేయించి, ‘మీ పేరు ఎవరికీ తెలియదు’ అంటే నమ్మేదెవరు? పన్నెండు మంది ఉన్న తరగతిలో రాసే తీరును బట్టే మనిషిని పోల్చేయవచ్చు.

భాష సంగతి ఇంకా విచిత్రం. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. 2021–22 నుంచి డిగ్రీ చదువు ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది, సరే. కానీ పాఠం అర్థం కాలేదన్న బాధ విద్యార్థికి తెలుగులోనే కలుగుతుంది. ఎవరికీ అర్థంకాని భాషలో చదువు చెప్పడం తగదని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ శ్రీకాకుళం పక్కన పర్వతాలపేటలోనే. ఆయన జయంతి నాడు కాలేజీల్లో దండలు వేస్తాం. ఫీడ్‌బ్యాక్ ఫారం దగ్గరికి వచ్చేసరికి ‘లెర్నింగ్ అవుట్‌కమ్స్’ సాధించారా అని అడుగుతాం.

నేను పాఠం చెప్పే రోజుల్లో ఒక పని చేసేవాణ్ణి. సెమిస్టర్ ఆరో వారంలో తెల్ల చీటీలు పంచి రెండే ప్రశ్నలు తెలుగులో అడిగేవాణ్ణి: ఏది అర్థం కావడం లేదు, ఏం మారిస్తే బాగుంటుంది? పేరు వద్దు. మొదటిసారి సగం చీటీలు ఖాళీగా వచ్చాయి. మిగిలినవాటిలో మూడింటి మీద ఒకే సంగతి ఉంది: కిటికీ వెలుగు పడి బోర్డు మెరుస్తోంది, వెనక బెంచీలకు ఏమీ కనిపించదు. ఇంకో చీటీ: “ఆమదాలవలసలో రైలు దిగి ఆటో దొరికేసరికి హాజరు అయిపోతోంది.” పదేళ్లుగా హాజరు మొదట్లోనే వేస్తున్నాను. ‘సమయపాలన’ అనే ప్రశ్నకు నాకు ఎప్పుడూ అయిదుకు అయిదే వచ్చేది.

అడగవలసిన సమయం అదే, మధ్యలో. చివర్లో అడిగితే జవాబిచ్చినవాడికి ఒరిగేదేమీ లేదు. ఈ ప్రాంతపు కాలేజీలకు ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ ఉన్నాయి. అకడమిక్ క్యాలెండరు ప్రకటించేవి అవే. అందులో ఆరో వారం ఒక పీరియడ్ దీనికి, ఏడో వారం ఒక పావుగంట జవాబుకు కేటాయించడానికి ప్రత్యేక నిధులేమీ అక్కర్లేదు. ఫోనులోనే నింపించినా ఫరవాలేదు. హాల్ టికెట్‌తో ముడి మాత్రం విప్పేయాలి, తెలుగులో రాయనివ్వాలి, విడివిడి మాటలు ఆ అధ్యాపకుడికే చేరాలి. అయిదు వేసినవాళ్లు సగం, ఒకటి వేసినవాళ్లు సగం ఉంటే సగటు మూడు వస్తుంది. ఆ తరగతిలో మూడు వేసినవాడు ఒక్కడూ ఉండడు.

ఆ చీటీల తర్వాతి వారం హాజరు పీరియడ్ చివరకు మార్చాను. కిటికీకి తెర కావాలని ప్రిన్సిపాల్‌గారికి ఉత్తరం రాసి, దాని నకలు తరగతి గోడకు అంటించాను. తెర రాలేదు. తర్వాతి సెమిస్టర్‌లో చీటీలు పంచితే ఖాళీగా వచ్చినవి నాలుగే. మిగిలినవాటిలో చాలామంది తెర ఏమైందని అడిగారు.