‘ఓపిక ఉంటే చాలు’ అని ఫార్వర్డ్ చేస్తున్నవాళ్ళకి

నిన్న రాత్రి పదిన్నరకి ఆ మెసేజ్ మళ్ళీ వచ్చింది. ఈసారి పంపింది మా బీఎడ్ బ్యాచ్‌మేట్. వారం కింద మా ఆడపడుచు, దానికి ముందు బ్రాడీపేటలో ట్యూషన్లు చెప్పే మాస్టారు. ముగ్గురూ మంచివాళ్ళే, నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌నని, అంటే వైకల్యం ఉన్న పిల్లలకి చదువు చెబుతానని ముగ్గురికీ తెలుసు, అయినా పంపారు. “టీచర్లూ, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఎడ్, ఎంఎడ్ అంటూ ఏళ్ళూ డబ్బులూ తగలేసుకోకండి” అని మొదలవుతుంది. ఇదంతా విదేశీ ఫ్యాషన్ అట, ముప్పై గంటల ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఎంఎడ్‌తో సమానమట, ఒక్క పిల్లాడి కోసం క్లాసులో నలభై మంది నష్టపోతారట, ఉద్యోగాలు లేవట. అన్నిటికంటే పైన పెద్దక్షరాల్లో: “ఇలాంటి పిల్లలకి కావాల్సింది డిగ్రీలు కాదు, ఓపిక, అమ్మ ప్రేమ.” కింద దండాల బొమ్మలు.

విదేశీ ఫ్యాషన్ అన్నదానికి రెండు ముక్కలు చాలు. వీలైనంత వరకు ఈ పిల్లల్ని మామూలు బడుల్లోనే చదివించాలని మన దేశ చదువుల మీద వేసిన కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. 1974లో కేంద్రం అందుకోసం పథకమే పెట్టింది. నేను పుట్టకముందు సంగతి.

ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఎంఎడ్‌తో సమానం కాదు. దాంతో ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ రాదు. ఆ నంబర్ లేకుండా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తే 1992 ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ సంగతి చెప్పకుండా జనాన్ని ఆ సర్టిఫికెట్ వైపు తోయడం మోసం.

ఇక ఓపిక సంగతి. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

కొన్నేళ్ళ కింద గుంటూరు శివార్లలో ఒక బడికి వెళ్ళాను. నాలుగో తరగతి. మొదటి బెంచీలో ఒక పాప, రెండు చెవులకీ వినికిడి మిషన్లు. వాళ్ళ టీచర్‌కి ఉన్నంత ఓపిక నాకు లేదు, ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను. పాపని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తినిపించేది. ఆ రోజు డిక్టేషన్ చెబుతోంది. “మాట” అంది. పాప “పాట” అని రాసింది. “బాట” అంది. మళ్ళీ “పాట” అనే రాసింది. టీచర్ వంగి, మొహంలో మొహం పెట్టి, నోరు బాగా సాగదీసి, గట్టిగా “బా...ట” అంది. పాప ఆమె పెదాల వంక చూసింది, తను రాసింది చూసుకుంది, మార్చలేదు. ఎందుకు మారుస్తుంది, తనకి కనిపించింది అదే కదా. టీచర్ తల నిమిరి “పర్లేదు నాన్నా” అని రెండూ ఎర్ర ఇంకుతో కొట్టేసింది.

మీరు అద్దం ముందు నిలబడి పాట, బాట, మాట అని గొంతు బయటికి రాకుండా అని చూడండి. పెదాలు మూడింటికీ ఒకేలా కలుస్తాయి, ఒకేలా విడిపోతాయి. పెదాలు చూసి మాట పట్టుకునే పిల్లకి ఆ మూడూ ఒకటే మాట. అరిచినా తేడా రాదు, సాగదీస్తే ఉన్న ఆకారం కూడా చెడుతుంది. తేడా తెలియాలంటే పాప అరచేయి మన నోటి ముందు పెట్టించి ‘ప’ అనాలి, గాలి తగులుతుంది. గొంతు మీద పెట్టించి ‘బ’ అనాలి, అదురు తెలుస్తుంది. ముక్కు పక్కన వేలు పెట్టించి ‘మ’ అనాలి. మొదలుపెట్టడానికి పది నిమిషాలు చాలు. ఆ టీచర్‌కి ఎవరూ నేర్పలేదు, అంతే.

అది కూడా అసలు విషయం కాదు. దగ్గర కూర్చుంటే తెలిసింది, పాప మిషన్లు రెండూ ఆపేసి ఉన్నాయి. ఆన్ చేస్తే కీచుమని కూత. చెవి పెరిగింది కానీ లోపల పెట్టే అచ్చు ఒకటో తరగతిలో తీసిందే. వదులైపోయి, సౌండు బయటికొచ్చి మళ్ళీ మైకులోకి దూరి కూత పెడుతోంది, పందిట్లో మైకు కూత పెడుతుందే, అలా. అందరూ తనవంక చూస్తున్నారని పాపే ఆపేసుకునేది. ఎన్ని నెలలుగా అలా కూర్చుందో ఎవరికీ తెలీదు. టీచర్ ఏడ్చేసింది.

పొద్దున్నే పెదాలు కనపడకుండా నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అని ఆరు శబ్దాలు అని, వినపడినప్పుడల్లా చెయ్యెత్తమంటే, మిషన్ పనిచేస్తోందో లేదో నిమిషంలో తేలిపోతుంది. శిక్షణ తీసుకున్నవాళ్ళకి ఇది రోజూ చేసే పని. ఇప్పుడు చెప్పండి, ఇందులో ప్రేమ ఎక్కడ తక్కువైంది? పాపకి జ్వరమొస్తే కొత్తపేట వెళ్ళి డాక్టర్ బోర్డు మీద ఏం చదివాడో చూస్తారు కదా, ఓపిక గలవాడు ఎవరని అడగరు కదా? మరి చదువు దగ్గరికొచ్చేసరికి ఈ పిల్లలకి మాత్రం ఎవరైనా చాలా? ‘అమ్మ ప్రేమ కావాలి’ అనే మాట ఆ అమ్మల ముందు అనండి చూద్దాం. రెండు బస్సులు మారి, కూలి మానుకుని, పిల్లని చంకనేసుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు వాళ్ళు. ప్రేమ వాళ్ళ దగ్గర నిండా ఉంది. ఏం చేయాలో తెలిసిన మనిషి కోసం వస్తున్నారు.

ఎంఎడ్ ఎందుకంటారా. బీఎడ్‌లో నాకు పిల్లతో ఎలా పనిచేయాలో నేర్పారు. కానీ మా పుస్తకాల్లో ఉదాహరణలన్నీ ప్యాట్, బ్యాట్, మ్యాట్ లాంటి ఇంగ్లీషు మాటలే. మన పిల్లకి తెలుగులో ఏ మాటలు కలిసిపోతాయో నేను కూర్చుని పోగేసింది ఎంఎడ్ ప్రాజెక్టులోనే, పాట, బాట, మాట అక్కడివే. పిల్లని పరీక్షించి తన కోసం ప్లాన్ రాయడం, ఆ ప్లాన్ క్లాస్ టీచర్ చేత చేయించడం కూడా అక్కడే బాగా వంటబట్టింది. మండలంలో ఉన్న ఒక్క స్పెషల్ ఎడ్యుకేటర్ ప్రతి క్లాసులో కూర్చోలేరు, ఇంకొకరికి నేర్పాల్సిందే.

మిగతా నలభై మందికి నష్టం అన్నారు. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి, కొత్త మాటలు బోర్డు మీద రాయండి, ఒకేసారి మూడు పనులు చెప్పకండి. నేను క్లాస్ టీచర్లని ముందు అడిగేవి ఇవే. వీటివల్ల నష్టపోయే పిల్లాడిని నేనింకా చూడలేదు. కానీ ఇక్కడ ఒకటి ఒప్పుకుంటాను. సైగల భాషలో మాట్లాడే పిల్లని, ఆ భాష తెలిసినవాళ్ళు ఒక్కరూ లేని క్లాసులో కూర్చోబెట్టి అదే సహిత విద్య (అందరినీ ఒకే బడిలో కలిపి చదివించడం) అనుకుంటే అది తప్పే. ఇంటర్వెల్‌లో గోడకి ఆనుకుని ఒంటరిగా నిలబడే పిల్లల్ని చూశాను. అలాంటి పిల్లకి తన భాష మాట్లాడే ప్రత్యేక బడే మేలు కావచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు దగ్గర్లోని బడో, ప్రత్యేక బడో ఎంచుకునే హక్కు పిల్లకే ఇచ్చింది. ఎంచుకోవడం వేరు, “మీవాడిని వేరే చోట చేర్చుకోండి” అని గేటు దగ్గర నుంచి పంపేయడం వేరు.

ఉద్యోగాల మాట. కాంట్రాక్టు మీద ఏళ్ళు గడిపిన వాళ్ళలో నేనూ ఉన్నాను, ఆ బాధ అబద్ధం కాదు. కానీ 2025 మార్చిలో సుప్రీంకోర్టు స్పెషల్ ఎడ్యుకేటర్ పోస్టులు నోటిఫై చేయమని రాష్ట్రాలకి గడువు పెట్టింది, తర్వాతి నెలలోనే మన రాష్ట్రంలో 2,260 పోస్టులు మంజూరయ్యాయి. ప్రైమరీలో ఇలాంటి పిల్లలు పది మందికి ఒక టీచర్, ఆ పైన పదిహేను మందికి ఒకరు అన్నది లెక్క. ఇంకోటి కూడా సూటిగా చెబుతాను: ఆ పోస్టులకి స్పెషల్ డీఎడ్, స్పెషల్ బీఎడ్ చాలు, ఎంఎడ్ అక్కర్లేదు. జీతం పెరుగుతుందని అప్పు చేసి ఎంఎడ్‌లో చేరేవాళ్ళని నేనే ఆపుతాను. క్లాసుకి పోకుండా పట్టా తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని వెనకేసుకురాను.

మా బ్యాచ్‌మేట్‌కి మాత్రం ఒక మాట. నీ క్లాసులో చెవి మిషన్ పెట్టుకున్న బాబు ఉన్నాడని పోయినసారి చెప్పావు. రేపు ప్రార్థన అయ్యాక నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని ఆ ఆరు శబ్దాలు అను. ఏ ఒక్కదానికి చెయ్యెత్తకపోయినా నాకు ఫోన్ చెయ్యి, శనివారం నేనే వస్తాను.