ఎస్‌పీఎఫ్ ఒక్కటే ఆపలేదు

సంస్థ పేరుతో దొంగ మెయిళ్లు వెళ్లకుండా డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు (ఆ డొమైన్ తరఫున ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే జాబితా) పెడితే చాలన్నట్టు ఒక వ్యాసంలో రాశారు. అక్కడే చిక్కుంది. ఎస్‌పీఎఫ్ తనిఖీ చేసేది సర్వర్లు తమలో తాము చెప్పుకునే రిటర్న్-పాత్ చిరునామాని. మనకు కనిపించే 'ఫ్రమ్'ని అది పట్టించుకోదు. మోసగాడు రిటర్న్-పాత్‌లో సొంత డొమైన్ పెట్టుకుని, ఫ్రమ్‌లో మీ అకౌంట్స్ విభాగం చిరునామా వేస్తే ఎస్‌పీఎఫ్ దర్జాగా పాసవుతుంది. ఆ రెండు డొమైన్లూ కలుస్తున్నాయా అని నిలదీసేది డీమార్క్ అనే మరో రికార్డు. ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్‌కి డొమైన్ తరఫున వేసే డిజిటల్ సంతకం) ఈ రెంటిలో ఒక్కటైనా పాసై, ఫ్రమ్ డొమైన్‌తో సరిపోలితేనే ఒప్పుకుంటుంది.

2024 ఫిబ్రవరి నుంచి రోజుకి 5,000కి పైగా మెయిళ్లు జీమెయిల్‌కి పంపేవాళ్లకి గూగుల్ ఈ మూడూ తప్పనిసరి చేసింది. దాంతో హడావిడిగా డీమార్క్‌లో 'పీ=నన్' (ఏ చర్యా వద్దు) అని రాసేసి చేతులు దులుపుకున్నవాళ్లున్నారు. ఆ పాలసీతో రిపోర్టులు తెప్పించుకోవచ్చు, అంతే. దొంగ మెయిల్‌ని ఆపమని ఎవరికీ చెప్పదు. ఆ రిపోర్టులు ఓపిగ్గా చదివి, జీతాల స్లిప్పులు పంపే సాఫ్ట్‌వేర్, న్యూస్‌లెటర్ సర్వీసు లాంటివన్నీ మీ డొమైన్ డీకిమ్ సంతకంతోనే వెళ్తున్నాయని తేల్చుకున్నాక క్వారంటైన్‌కి (దొంగ మెయిల్‌ని స్పామ్‌లో పడేయమనడం), తర్వాత రిజెక్ట్‌కి (అసలు తీసుకోవద్దనడం) మారాలి. అన్నట్టు, మెయిల్ పంపని పాత డొమైన్లుంటే వాటికి ఇవాళే రిజెక్ట్ పెట్టేయొచ్చు.