హద్దులతో సహా చెప్పే జవాబు

ఒక సూత్రాన్ని కంప్యూటర్‌కిచ్చి లెక్క కట్టమన్నారు. 1.172603 అని వచ్చింది. అనుమానం తీరక ఎక్కువ అంకెలతో మళ్లీ కట్టించారు. 1.1726039400531 అంది. ఇంకా ఎక్కువ అంకెలతో మూడోసారి కట్టించినా ముందున్న అంకెలేవీ మారలేదు. ఇంకేం, జవాబు ఖాయమే అనుకుంటాం. అసలు జవాబు -0.827396. ప్లస్సా మైనస్సా అన్నది కూడా తప్పిపోయింది.

జర్మన్ గణితవేత్త జీగ్‌ఫ్రీడ్ రంప్ 1988లో ఐబీఎం 370 యంత్రం మీద చూపించిన ఉదాహరణ ఇది. ఏం జరిగిందో కాస్త దగ్గరగా చూడాలి. ఆ సూత్రంలో 77617, 33096 అనే రెండు సంఖ్యల్ని ఘాతాలకు ఎక్కిస్తారు. మధ్యలో వచ్చే సంఖ్యలు 37 అంకెల దాకా పెరుగుతాయి. చివరికి అవన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని -2 మిగలాలి. దానికి 77617ను 66192తో భాగించగా వచ్చే 1.172603 కలిస్తే సరైన జవాబు వస్తుంది. కానీ 37 అంకెలనూ పట్టి ఉంచే చోటు యంత్రానికి లేదు. అంత పెద్ద సంఖ్యల పక్కన ఆ చిన్న 2 చేరగానే మాయమైపోయింది. మూడుసార్లూ అదే పోయింది కాబట్టి మూడుసార్లూ అదే తప్పు జవాబు వచ్చింది.

‘అంకెలు పెంచి చూడు, జవాబు మారకపోతే నమ్ము’ అని మనలో చాలామంది పాటించే పద్ధతి ఇక్కడ చతికిలపడింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది తప్పు రావడం కాదు, అది ఇంత ధీమాగా రావడం.

దీనికి మందు ఎప్పుడో దొరికింది. జపాన్‌లో తెరువో సునాగా 1958లోనే దీని గురించి రాశారు. అమెరికాలో రామన్ మూర్ 1966లో పూర్తి పుస్తకమే వేశారు. పేరు ఇంటర్వెల్ అరిథ్మెటిక్, అంటే అంతరాల లెక్క. ప్రతి విలువనూ ఒకే సంఖ్యగా కాకుండా, అది ఏ రెండు హద్దుల మధ్య ఉందో ఆ జతగా, [1, 2] లాగా, రాస్తారు. ఆ జతనే అంతరం అంటారు. ఆలోచన ఇంకా పాతది. పై (π) విలువ 223/71 కంటే ఎక్కువ, 22/7 కంటే తక్కువ అని ఆర్కిమెడిస్ నిరూపించాడు. బడిలో పై విలువగా మనం వాడిన 22/7 నిజానికి ఆయన వేసిన ఎగువ హద్దు.

కూడిక తేలిక. [1, 2]కు [3, 5] కలిపితే [4, 7]. తీసివేతలో హద్దులు తారుమారవుతాయి: [3, 5] నుంచి [1, 2] తీసేస్తే [1, 4]. గుణకారానికి నాలుగు లబ్ధాలు కట్టి వాటిలో చిన్నదీ పెద్దదీ తీసుకోవాలి. అసలు కీలకం రౌండ్ చేయడంలో ఉంది. దిగువ హద్దును ఎప్పుడూ కిందికి, ఎగువ హద్దును ఎప్పుడూ పైకి రౌండ్ చేస్తారు. అందువల్ల అంకెలు పట్టక ఎంత పోయినా అసలు విలువ ఆ జతలోంచి జారిపోదు. ఇలా రెండు దిక్కులా రౌండ్ చేసే ఏర్పాటు కంప్యూటర్లు దశాంశాల లెక్కలు ఎలా చేయాలో చెప్పే, 1985లో వచ్చిన ఐ ట్రిపుల్ ఈ 754 ప్రమాణంలోనే ఉంది. రంప్ సూత్రాన్ని నేటి డబుల్ ప్రెసిషన్‌లో, అంటే దాదాపు 16 అంకెలతో, ఇలా కడితే వచ్చే అంతరం వెడల్పు కోటి కోట్ల కోట్లు దాటుతుంది. చూడగానే ఈ లెక్కను నమ్మకూడదని తెలిసిపోతుంది.

ఈ పద్ధతి మీద వినిపించే పెద్ద ఫిర్యాదు కూడా వెడల్పే. ఫిర్యాదులో నిజముంది. ఎక్స్ అనేది 0కీ 1కీ మధ్య ఉందనుకుందాం. దాన్ని (1 - ఎక్స్)తో గుణిస్తే లబ్ధం 0.25 దాటదు. అంతరాల లెక్క మాత్రం [0, 1] అంటుంది. రెండు చోట్లా ఉన్నది ఒకే ఎక్స్ అని దానికి తెలియదు, వేర్వేరు అనుకుంటుంది. అయితే అదే అంతరాన్ని రెండు ముక్కలు చేసి కట్టండి, ఎగువ హద్దు 0.5కు దిగుతుంది. నాలుగు ముక్కలు చేస్తే 0.375. ముక్కలు పెంచేకొద్దీ 0.25కు దగ్గరవుతుంది. లేదా సూత్రాన్నే మార్చి, 0.25 నుంచి (ఎక్స్ - 0.5) వర్గాన్ని తీసేసినట్టు రాయండి. ఎక్స్ ఒక్కచోటే వస్తుంది కాబట్టి, వర్గం రుణాత్మకం కాదన్నది గుర్తుంచుకుంటే ఒక్క దెబ్బతో [0, 0.25] వచ్చేస్తుంది.

అందుకే వెడల్పాటి జవాబును నేను వైఫల్యంగా చూడను. సూత్రాన్ని ఇంకోలా రాయమనో, ముక్కలు చేయమనో లెక్కే మనకు చెబుతోంది. ఓపిగ్గా ఆ పని చేసినవాళ్లకు గట్టి ఫలితాలే దక్కాయి. వాతావరణ లెక్కల్లోంచి ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లో బయటికి తీసిన సమీకరణాలకు వింత ఆకర్షకం, అంటే దారులన్నీ చివరికి చేరి చుట్టూ తిరిగే ఆ చిక్కు ఆకారం, నిజంగా ఉందా, లేక కంప్యూటర్ గీసిన బొమ్మేనా అన్న ప్రశ్న దశాబ్దాలపాటు తేలలేదు. వార్విక్ టక్కర్ అంతరాల లెక్కతోనే ఉందని నిరూపించారు. గోళాలను అత్యంత దట్టంగా పేర్చడం గురించిన కెప్లర్ ఊహకు థామస్ హేల్స్ ఇచ్చిన నిరూపణలోనూ అసమానతలను సరిచూసింది ఈ పద్ధతితోనే.

వేగం తగ్గుతుంది, నిజమే. సినిమా గ్రాఫిక్స్‌కో, ఆటలకో ఇది అక్కర్లేదు. మనుషుల ప్రాణాలు ఆధారపడిన చోట మాత్రం ఆ సాకు చెల్లదని నా అభిప్రాయం. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని ధహ్రాన్‌లో పేట్రియట్ వ్యవస్థ స్కడ్ క్షిపణిని అడ్డుకోలేక 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. దాని గడియారం సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టేది. 0.1 అనేది కంప్యూటర్ వాడే 0, 1 అంకెల బైనరీలో ఎక్కడా ముగియదు. 24 బిట్లలో (బైనరీ అంకెల్లో) కోసేస్తే ప్రతిసారీ పోయేది సెకనులో కోటో వంతు కంటే తక్కువ. అప్పటికి ఆపకుండా నడిచిన దాదాపు వంద గంటల్లో 36 లక్షల సార్లు పోయింది, మొత్తం 0.34 సెకన్లు. అంతసేపట్లో స్కడ్ అర కిలోమీటరు దాటిపోతుంది. ఆ 0.1ని రెండు హద్దుల మధ్య రాసి అదే లెక్క నడిపి ఉంటే, గంట గంటకూ అంతరం వెడల్పవడం పరీక్షల దశలోనే కాగితం మీద కనిపించేది.