రిపోర్టుకీ రిపోర్టుకీ మధ్య పన్నెండు రోజులు

"అక్కా, బిడ్డ గుండెలో తెల్లచుక్క ఉందంట."

పోయినేడాది మా పిన్ని కూతురు శ్రీకాకుళంలో ఐదో నెల స్కానింగ్ చేయించుకుని, టెక్కలి బస్సులో కూర్చుని నాకు ఫోన్ చేసి చెప్పింది ఇంతే. తర్వాత ఏడుపు. కాసేపటికి రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో పెట్టింది. మూడు పేజీల ఇంగ్లిష్‌లో ఒకే ఒక్క లైను కింద ఎవరో పెన్నుతో గీత గీశారు. ఆ గీత ఎందుకని అడిగితే "మీ డాక్టరమ్మకి చూపించుకోండి" అన్నారట. డాక్టరమ్మ ఊళ్ళో లేరు. వారం తర్వాత దొరికారు, చూశారు, విశాఖలో ఇంకో స్కానింగ్ రాశారు. అంతా తేలేసరికి పన్నెండు రోజులు పట్టింది.

ఆ చుక్కని వైద్యులు ఎకోజెనిక్ ఫోకస్ అంటారు. గుండె కండరంలో చిన్నచోట కాల్షియం చేరితే స్కాన్‌లో తెల్లగా మెరుస్తుంది. నూటికి 3 నుంచి 5 గర్భాల్లో కనిపిస్తుంది. మిగతా అవయవాలన్నీ బాగుండి, ముందు చేసిన పరీక్షల్లో తేడా లేకపోతే, ఆ ఒక్క చుక్క గుండెజబ్బు కాదు. ఈ నాలుగు మాటలు చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం ఎవరి పనో మన వ్యవస్థలో ఎక్కడా రాసి లేదు.

ఆ పన్నెండు రోజులూ పిల్ల రాత్రిళ్ళు నిద్రపోలేదు. భర్త హైదరాబాద్‌లో భవన నిర్మాణం పనిలో ఉన్నాడు. మన జిల్లా మగవాళ్ళలో చాలామందిలాగే కాన్పు దగ్గరపడితే గానీ రాలేడు. రాత్రి పని దిగాక గూగుల్‌లో వెతికి, అక్కడ చదివినవన్నీ ఫోన్‌లో ఈమెకి చెప్పేవాడు. అత్తగారు "ఏటన్నారే డాక్టరమ్మ?" అని అడిగితే "బాగానే ఉందన్నారు" అని అబద్ధం చెప్పింది. గాజులు వేయడానికి పిన్ని మంచిరోజు చూస్తే వద్దంది. ఆ 'వద్దు'లో ఎంత భయం ఉందో మా ఇంట్లో అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు.

ఈ పరీక్షలు వద్దని నేను అనను. కావాలి. కొన్ని లోపాలు ముందే తెలిస్తే కాన్పు ఎక్కడ చేయించుకోవాలో, పుట్టగానే ఏ డాక్టరు అవసరమో సిద్ధపడొచ్చు. నా బాధంతా మరొకటి. పదేళ్ళ కిందట విశాఖ వెళ్తే గానీ దొరకని స్కానింగులు ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లోనే చేస్తున్నారు. పరీక్షలు దగ్గరకొచ్చినంతగా వాటి గురించి మాట్లాడే మనిషి దగ్గరకు రాలేదు. రిపోర్టు చేతిలో పెట్టడంతో పని అయిపోయిందని మన ఆసుపత్రులు అనుకుంటున్నాయి. గర్భిణికి అసలు కష్టం మొదలయ్యేది అక్కడే.

స్క్రీనింగ్ అంటే జల్లెడ పట్టడం. జల్లెడలో మిగిలిందంతా రాయి కాదు. 11 నుంచి 14 వారాల మధ్య, బిడ్డ మెడ వెనక నీటి మందం కొలిచే ఎన్‌టీ స్కాన్‌తో కలిపి చేసే డబుల్ మార్కర్ రక్తపరీక్షనే తీసుకుందాం. 10,000 మంది గర్భిణులకు చేస్తే సుమారు 500 మందికి రిస్క్ ఎక్కువని వస్తుంది. వాళ్ళలో నిజంగా డౌన్ సిండ్రోమ్‌తో, అంటే పుట్టుకతో వచ్చే ఒక క్రోమోజోమ్ తేడాతో ఉండేది పది, పదిహేనుమంది బిడ్డలే. మిగతా 480 మందికి పైగా తల్లులు ఆ సమస్య లేని బిడ్డని కడుపులో పెట్టుకునే ఆ భయాన్ని మోస్తారు. రిపోర్టులో "200లో 1" అని ఉంటే చదివే తల్లికి ఆ 'ఒకటి' తన బిడ్డే అనిపిస్తుంది. "200 మంది తల్లుల్లో 199 మందికి ఈ సమస్య ఉండదు" అని చెప్పినా అదే లెక్క. వినేటప్పుడు మాత్రం ఊపిరి అందుతుంది.

మాట దగ్గర ఇంకో చిక్కు ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. మన ఆశ కార్యకర్తలకి, ఏఎన్‌ఎంలకి 'హై రిస్క్' అంటే రక్తం బాగా తక్కువ ఉండడం, బీపీ, ముందు కాన్పు ఆపరేషన్ కావడం. ప్రతి నెలా 9న జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్‌లో అలాంటివాళ్ళ కార్డుకి ఎర్ర స్టిక్కర్ అంటిస్తారు. వాళ్ళని ఏ ఆసుపత్రికి పంపాలో, ఎన్నిసార్లు చూడాలో ఆశకి తెలుసు. డబుల్ మార్కర్ రిపోర్టులోని 'హై రిస్క్' పూర్తిగా వేరు. అందులో తల్లి ప్రాణానికి ప్రమాదమేమీ లేదు. బిడ్డలో క్రోమోజోమ్ తేడా ఉండే అవకాశం గురించిన లెక్క అది. రెండింటికీ మాట ఒకటే కావడంతో, ఆ రిపోర్టు ఇంటికొచ్చాక కొందరు తమకే ఏదో అవుతుందనుకుంటారు, కొందరు బిడ్డ దక్కదనుకుంటారు. ఆశమ్మని అడిగితే ఆమె కూడా నిజాయితీగా "నాకు తెలీదమ్మా" అంటుంది. ఆమెకి ఎవరూ చెప్పలేదు మరి.

స్కానింగ్ గదిలో మౌనం గురించి కూడా చెప్పాలి. గదిలో చీకటి, పొట్ట మీద చల్లటి జెల్, తెర అటువైపు తిరిగి ఉంటుంది. గర్భిణికి కనిపించేది డాక్టరు ముఖం ఒక్కటే. ఆ కనుబొమ్మ కాస్త ముడిపడితే చాలు, గుండె జారిపోతుంది. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం భయంతో చాలామంది ఏమీ మాట్లాడకపోవడమే మేలనుకుంటారు. ఆడపిల్లల్ని కాపాడడానికి వచ్చిన ఆ చట్టం గట్టిగా అమలు కావాల్సిందే. అయితే అది చెప్పొద్దన్నది ఆడో మగో అన్న సంగతి. "తల కొలత సరిపోయింది, వెన్ను బాగుంది, ఇప్పుడు గుండె చూస్తున్నాను, దీనికి టైం పడుతుంది" అనడాన్ని ఏ చట్టమూ ఆపలేదు.

ఇక ఇంట్లో ఎదురయ్యేది నింద. మనకి చీలిన పెదవికి ఉన్న పేరే 'గ్రహణం మొర్రి'. గ్రహణం రోజు తల్లి బయట తిరగడం వల్లే వచ్చిందన్న నింద ఆ పేరులోనే ఉంది. రిపోర్టులో తేడా అనగానే ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు, ఆ రోజు కత్తి పట్టావా అని లెక్క మొదలవుతుంది. మేనరికం చేసుకున్నవాళ్ళకి ఇంకో పొడుపు. మేనరికం వల్ల కొన్ని జన్యు జబ్బుల అవకాశం పెరుగుతుందన్నది నిజమే. డౌన్ సిండ్రోమ్ మాత్రం దానివల్ల వచ్చేది కాదు. ఎక్కువగా అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోమ్ సరిగ్గా విడిపోకపోవడం వల్ల వస్తుంది. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది, కానీ పాతికేళ్ళ తల్లికీ రావచ్చు. అందులో ఎవరి తప్పూ లేదు. ఈ ఒక్క మాట అత్తగారి ముందు డాక్టరు నోటి నుంచి వస్తే ఆ పిల్లకి సగం బరువు దిగుతుంది.

మనం ప్రేమగా అనే మాట కూడా గాయం చేస్తుంది. "టెన్షన్ పడకు, బిడ్డకి మంచిది కాదు." నేనూ అన్నాను. ఆ రోజు మా చెల్లి, "అంటే నా ఏడుపు వల్ల కూడా బిడ్డకేమైనా అవుతుందా అక్కా?" అని అడిగింది. ఉన్న భయానికి తోడు భయపడుతున్నందుకు మరో భయం. నెలల తరబడి సాగే తీవ్రమైన ఆందోళనకి నెలలు నిండకముందు కాన్పుతో, కాన్పు తర్వాత డిప్రెషన్‌తో సంబంధం ఉందన్నది వైద్యులు గమనించి పనిచేయాల్సిన విషయం. ఏడుస్తున్న గర్భిణి మీద మోపాల్సింది కాదు. ఆమె దగ్గర అడగాల్సినవి వేరే ఉన్నాయి: నిద్ర పడుతోందా? ఏం ఊహించుకుని భయపడుతున్నావు? తర్వాతి పరీక్షకి తోడు ఎవరొస్తారు?

ఇవి అడగడానికి ప్రతి మండలానికీ మానసిక వైద్యుడు అక్కర్లేదు. పాకిస్థాన్ పల్లెల్లో మన ఆశల్లాంటి లేడీ హెల్త్ వర్కర్లకి శిక్షణ ఇచ్చి, డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల ఇళ్ళకి పంపి చేసిన పరిశోధన 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కాన్పయిన ఆరు నెలలకి ఆ తల్లుల్లో డిప్రెషన్ 23 శాతం. శిక్షణ లేని మామూలు సందర్శనలు జరిగినవాళ్ళలో 53 శాతం. ఆ పద్ధతినే 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మాన్యువల్‌గా తెచ్చింది. స్కానింగ్ భయం, డిప్రెషన్ ఒకటి కాదు. అయినా పక్క వీధి మనిషి శిక్షణతో ఎంత చేయగలదో ఇందులో కనిపిస్తోంది. మన దగ్గర 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ ఉంది, మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ. 14416కి ఏ వేళలో ఫోన్ చేసినా డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు ప్రతి స్కానింగ్ రిపోర్టు కింద అచ్చువేయడానికి ఒక్క ఉత్తర్వు చాలు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష అంటే ఏమిటో బడి మొహం చూడని ముసలమ్మకి కూడా తెలుసు. ఒక అంకె కోసం ఎదురుచూడడం, అది వచ్చాక ఇల్లంతా మౌనమైపోవడం ఆ ఊళ్ళకి కొత్త కాదు. గర్భిణి రిపోర్టు విషయంలోనూ అదే జరుగుతోంది, కాకపోతే ఈమె ఒక్కతే మోస్తోంది.

ఎదురుచూపు ఇక్కడ ఊరికే గడిచిపోయేది కూడా కాదు. క్రోమోజోమ్ తేడా నిజంగా ఉందో లేదో తేల్చే ఉమ్మనీటి పరీక్ష 15 వారాలు దాటాక చేస్తారు. పూర్తి ఫలితానికి రెండు, మూడు వారాలు పడుతుంది. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం గర్భస్రావానికి 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని వర్గాల స్త్రీలకే వీలుంది, దానికి ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. ఆ తర్వాత బిడ్డలో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డుకి వెళ్ళాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్ల పైనే. డాక్టరు దొరకలేదని పోయిన ప్రతి వారం ఆమె నిర్ణయానికి ఉన్న గడువులోంచే పోతుంది. అందుకే అనుమానం ఉన్న రిపోర్టు ఇచ్చినవాళ్ళే, మళ్ళీ ఎవరు, ఏ తారీఖున మాట్లాడతారో రాసి చేతికివ్వాలి. ఖాయంగా లోపం ఉందని తేలిన ఇంటికి ఇది ఇంకా అవసరం. బిడ్డని కనాలనుకున్న తల్లికి, వద్దనుకున్న తల్లికి సమానంగా. ఏ దారి మంచిదో డాక్టరు తీర్పు చెప్పకుండా, రెండు దారుల్లో ఏముంటుందో చెప్పాలి.

మా చెల్లికి రెండో స్కానింగ్‌లో అన్నీ బాగున్నాయన్నారు. గాజులు ఏడో నెలలో వేశాం. ఆమె చదువుకుంది, ఫోన్ ఉంది, ఏడవడానికి ఒక అక్క ఉంది. నేను ఎక్కువగా తలచుకునేది మందస, మెళియాపుట్టి కొండ గూడేల నుంచి దిగివచ్చే సవర ఆడపిల్లల్ని. ఉమ్మనీటి పరీక్ష లాంటివి చేసేముందు వాటివల్ల వచ్చే ఇబ్బందులన్నీ వివరించి, ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని 1994 చట్టంలోని 5వ సెక్షన్ చెబుతోంది. వాళ్ళలో చాలామందికి ఆ భాష ఇంగ్లిష్ కాదు, తెలుగు కూడా కాదు. సవర మాట్లాడే ఆశ కార్యకర్తని ఆ రోజు ఆ గదిలోకి ఆమె వెంట రానివ్వాలి.