గేమర్లలో చాతుర్వర్ణ్యం

తెలంగాణలో 2024లో కులగణన జరిగింది కాబట్టి, ప్రభుత్వాలు ఇక గేమర్ల గణన కూడా చేపట్టాలని మనవి. కమిషన్ వేయక్కర్లేదు. రిచర్డ్ బార్టిల్ అనే ఇంగ్లండ్ పెద్దమనిషి 1996లోనే ఆ పని చేసిపెట్టారు. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ‘మడ్’ అనే, పదిమంది కలిసి ఆడే కంప్యూటర్ ఆట సృష్టికర్తల్లో ఆయనొకరు. ఆటగాళ్లను పేకముక్కల్లా పంచారు. పాయింట్లు పోగేసేవాడు డైమను, మూలమూలా తవ్వి చూసేవాడు ఇస్పేటు, కబుర్ల కోసం వచ్చేవాడు ఆఠీను, ఎదుటివాణ్ణి ఏడిపించడానికే వచ్చేవాడు కళావరు.

శాస్త్రం బాగానే ఉంది. మా పిన్ని ఏ రంగో మాత్రం తేలదు.

ఆవిడ రాహుకాలంలో గడప దాటదు. క్యాండీ క్రష్‌లో ఐదు ప్రాణాలూ అయిపోతే ఒక్కో ప్రాణానికి అరగంట ఆగాలి. ఆగదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫోన్ తేదీని రేపటికి జరిపేస్తుంది. రేపు అమావాస్య అయినా సరే! “ఫోన్‌కి తిథులేంట్రా” అంటుంది.

మా తమ్ముడిది బీజీఎంఐ, చివరిదాకా బతికినవాడే గెలిచే ఫోన్ తుపాకుల ఆట. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను నిషేధిస్తే పిల్లలు పుస్తకం పడతారని పెద్దలు మురిసిపోయారు. 2021 జులైకల్లా అది బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చేసింది. గ్యాస్ బండ మార్చమంటే వినపడని మావాడు, హెడ్‌ఫోన్లో “బ్రో, రివైవ్” అని మూలుగు వినపడగానే, పడిపోయినవాణ్ణి లేపడానికి తూటాల మధ్య పాక్కుంటూ వెళ్తాడు. ఆ బ్రో ఏ ఊరివాడో కూడా తెలియదు. వాళ్ల స్క్వాడ్‌లోనే ఒకడు ఆట సాంతం బాత్రూంలో తలుపేసుకుని కూర్చుని, ఒక్క గుండూ కాల్చకుండా చివరి పదిమందిలో తేలతాడు. వీడికి ప్రభుత్వోద్యోగం ఖాయమని నా అంచనా. ఇంకొకడు డబ్బులు పోసి తుపాకీకి రంగులు కొంటాడు. గురి కుదరదు గానీ, చంపినవాడు ఆ తుపాకీ చూసి కుళ్లుకుంటాడట!

ఇక రమ్మీ బాబాయిలు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ అడ్డుకట్ట వేస్తూ 2025లో కేంద్రమే చట్టం తెచ్చినా, “జూదం కాదండీ, స్కిల్ గేమ్” అంటూనే ఉంటారు. ఆ స్కిల్‌కి పిన్నిగారి గాజులు తాకట్టులో ఉన్నాయి. నిజంగా పేక పట్టిన వీళ్లకే బార్టిల్ పేకలో చోటు లేదు. పోనీ జోకర్లని రాసుకుందామా అంటే, రమ్మీలో జోకరు పనికొచ్చే ముక్క.