ఒసాకా రాతి భవనంలో పుస్తకాలకేం పని?

అందంగా ఉండటం కూడా ఒక్కోసారి గ్రంథాలయం ప్రాణం మీదికి తెస్తుంది. జపాన్‌లోని ఒసాకాలో సరిగ్గా అదే జరిగింది. 2012లో అప్పటి నగర మేయర్ తోరు హషిమోతో, ఒసాకా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) గవర్నర్ ఇచిరో మత్సుయి కలిసి నకనోషిమా గ్రంథాలయాన్ని అక్కడి నుంచి తీసేద్దామనే ప్రతిపాదన ముందుకు తెచ్చారు. కూల్చేద్దామని కాదు. జాతీయస్థాయిలో ముఖ్య సాంస్కృతిక సంపదగా 1974లోనే గుర్తింపు పొందిన భవనాన్ని ఎవరూ కూల్చరు. భవనం ఉంటుంది, పుస్తకాలు మాత్రం వెళ్లిపోతాయి. అంత చక్కని చోటును ఇంకా ఆకర్షణీయమైన పనికి వాడుకోవచ్చు కదా అన్నది వాళ్ల లెక్క.

వ్యతిరేకత వచ్చింది, గ్రంథాలయం నిలిచింది. అయినా ఆ ప్రశ్న మాత్రం కొట్టిపారేయాల్సింది కాదు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ భవనం కథ కొంచెం చూడాలి.

దోజిమా, తొసాబోరి అనే రెండు నదీపాయల మధ్య సన్నగా సాగిన దీవి నకనోషిమా. యోదొయాబషి స్టేషన్‌లో దిగి వంతెన దాటితే ఒక పక్క 1903 నాటి బ్యాంక్ ఆఫ్ జపాన్ శాఖ, ఇంకో పక్క సిటీ హాల్ కనిపిస్తాయి. సిటీ హాల్ వెనక్కి నడిస్తే ఉన్నట్టుండి గ్రీకు గుడి ఒకటి ఎదురవుతుంది. ముందు వెడల్పాటి మెట్లు, పైన ఆకుల చెక్కడాలున్న నాలుగు కొరింథియన్ స్తంభాలు, వాటి మీద ముక్కోణపు నెత్తి. లోపలికి వెళితే గుండ్రటి హాలు, రెండు వైపులా వంపు తిరుగుతూ పైకెక్కే చెక్క మెట్లు, తలెత్తి చూస్తే రంగుటద్దాల గుమ్మటం. గుమ్మటం కింద చుట్టూ ఎనిమిది మంది మహానుభావుల పేర్లు ఉంటాయి. కన్ఫ్యూషియస్, సోక్రటీస్, అరిస్టాటిల్, షేక్‌స్పియర్, కాంట్, గొథే, డార్విన్, వాళ్ల పక్కన జపాన్ నుంచి ఒకే ఒక్కడు, చదువుల దేవుడిగా గుళ్లలో పూజలందుకునే సుగవారా నో మిచిజానె. ఈ భవనం తెరిచిన 1904లో జపాన్ తనను తాను ఏ పంక్తిలో కూర్చోబెట్టుకోవాలనుకుందో ఈ జాబితా చూస్తే చాలు. అయితే డార్విన్ చనిపోయి అప్పటికి ఇరవై రెండేళ్లే. అంత కొత్తవాడిని గోడ మీదికి ఎక్కించిన ధైర్యం నాకు స్తంభాల కన్నా ఎక్కువ నచ్చింది.

ఇది కట్టించింది ప్రభుత్వం కాదు. సుమితోమో అనే వర్తక కుటుంబానికి పదిహేనో పెద్ద అయిన సుమితోమో తొమోఇతో 1897లో అమెరికా, యూరప్ తిరిగి వచ్చాడు. అక్కడి ధనవంతులు ఊరి కోసం గ్రంథాలయాలు, మ్యూజియాలు కట్టించడం చూసి, 1900లో ఒసాకాకు ఒక గ్రంథాలయం ఇస్తానన్నాడు. భవనానికి లక్షన్నర యెన్, పుస్తకాలు కొనడానికి విడిగా యాభై వేల యెన్. ఈ రెండో మొత్తం దగ్గర కాస్త ఆగాలి. దాతలకు సాధారణంగా గోడ మీద, పేరు పడే చోట మక్కువ ఎక్కువ. లోపల అల్మారాలు ఎలా నిండుతాయన్నది తర్వాతివాళ్ల తలనొప్పి. తొమోఇతో ఆ తలనొప్పికి కూడా డబ్బు పెట్టాడు. డిజైన్ చేసినవాడు సుమితోమో సొంత నిర్మాణ విభాగంలోని నొగుచి మాగోఇచి. ఆ విభాగమే తర్వాత నిక్కెన్ సెక్కే అనే పెద్ద ఆర్కిటెక్చర్ సంస్థకు మూలమైంది. 1922లో అటూ ఇటూ రెండు రెక్కలు చేరాయి, వాటికీ డబ్బు సుమితోమోదే.

1904 ఫిబ్రవరి 25న ప్రారంభోత్సవం. రష్యాతో యుద్ధం మొదలై అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. అదే యుద్ధకాలంలో టోక్యో ఉయెనోలో ప్రభుత్వం కడుతున్న ఇంపీరియల్ లైబ్రరీ పని డబ్బు చాలక కుంటుపడింది. నాలుగు వైపులా కట్టాలనుకున్న భవనంలో 1906 నాటికి లేచింది ఒక భాగమే. రాజధానిలో రాజ్యం పూర్తి చేయలేకపోయింది, వర్తకుల ఊళ్లో ఒక వర్తకుడు పూర్తి చేశాడు. ఒసాకావాళ్లు ఈ మాట చెప్పుకుని మురిసిపోతే తప్పు పట్టలేం.

కానీ ఆ డబ్బు ఎక్కడిదో కూడా చెప్పుకోవాలి. సుమితోమో సంపదకు వేరు షికోకు దీవిలోని బెష్షి రాగి గని. 1691లో మొదలై 1973 దాకా నడిచింది. రాగిని కరిగించే కొలుముల నుంచి వచ్చే గంధకపు పొగకు నీహమా ప్రాంతంలో పంటలు మాడిపోయాయి. 1893లో రైతులు తిరగబడ్డారు. కొలుములను సముద్రంలోని షిసాకజిమా దీవులకు తరలించారు, అక్కడ 1905లో పని మొదలైంది. పొగ ఆగిందా అంటే లేదు. గాలి దాన్ని ఇంకా ఎక్కువ ఊళ్లకు మోసుకొచ్చింది. పూర్తి పరిష్కారం దొరికింది 1939లో. అంటే ఒసాకాలో చదువరులు కొత్త భవనంలో పుస్తకాలు తిరగేస్తున్న మొదటి ముప్పై అయిదేళ్లూ షికోకులో రైతులు పొగతో వేగుతూనే ఉన్నారు. నన్నడిగితే దానం గొప్పదే, పొగా నిజమే. సందర్శకులకు రెండో సగం కూడా అంతే గట్టిగా చెప్పాలి.

పశ్చిమ దేశాల తరహా గ్రంథాలయం అనగానే మనం స్తంభాలే చూస్తాం. ఒసాకాకు పశ్చిమ దేశాల చదువు మాత్రం స్తంభాల కన్నా ముందే వచ్చింది. తొసాబోరి పాయ దాటి దక్షిణానికి కాసేపు నడిస్తే తెకిజుకు అనే చెక్క ఇల్లు ఇప్పటికీ ఉంది. వైద్యుడు ఒగాతా కోఆన్ 1838లో పెట్టిన, డచ్ పుస్తకాల ద్వారా పశ్చిమ దేశాల విద్యలు నేర్పిన బడి అది. విద్యార్థులందరికీ కలిపి పెద్ద డచ్ నిఘంటువు ఒకే ఒక్కటి. దానికోసం ఒక గది, ఆ గదిలో రాత్రీ పగలూ వంతుల కోసం కాచుకునే కుర్రాళ్లు. ఆ నిఘంటువుకు నకళ్లు రాసి అమ్ముకుని ఖర్చులు వెళ్లదీసుకున్న వాళ్లూ ఉన్నారు. మొన్న 2024 దాకా పదివేల యెన్ నోటు మీద బొమ్మగా ఉన్న ఫుకుజావా యుకిచి అక్కడి విద్యార్థే. 1862లో యూరప్ వెళ్లి, అక్కడి ప్రజా గ్రంథాలయాల గురించి తిరిగొచ్చి జపానీయులకు రాసి చెప్పినవాడూ ఆయనే. ఒసాకా వెళ్లేవాళ్లు ముందు తెకిజుకు చూసి, తర్వాత గ్రంథాలయానికి రావాలని నా సలహా. ఒక్క పుస్తకం కోసం క్యూ కట్టిన ఊరు అరవై ఆరేళ్లలో ఎంత దూరం వచ్చిందో కాళ్లకే తెలుస్తుంది.

మళ్లీ 2012 గొడవకు వద్దాం. తీసేద్దామన్నవాళ్ల వాదనలో పస లేకపోలేదు. 1996లో హిగాషి ఒసాకాలో ప్రిఫెక్చర్ కొత్త కేంద్ర గ్రంథాలయం తెరిచింది, సాధారణ పుస్తకాల బాధ్యత చాలావరకు అక్కడికి వెళ్లిపోయింది. పాత రాతి భవనం నిర్వహణ ఖరీదైన వ్యవహారం. పర్యాటకులు ఫొటోలు దిగి వెళ్లిపోయే చోటును మ్యూజియం చేస్తే తప్పేంటి?

నా దృష్టిలో జవాబు గ్రంథాలయం అప్పటికే చేస్తున్న పనిలో ఉంది. కొత్త కేంద్రం వచ్చాక నకనోషిమా తన పనిని కుదించుకుని పదును పెట్టుకుంది. ఒకటి, ఒసాకాకు సంబంధించిన పత్రాలు, పాత గ్రంథాలు. షోగన్లు ఏలిన ఎడో కాలంలో క్యోటో, ఎడో (ఇప్పటి టోక్యో)లతో పాటు ఒసాకా కూడా పుస్తకాల అచ్చుకు పెద్ద కేంద్రం కాబట్టి ఈ సేకరణకు ఇంతకన్నా తగిన ఊరు లేదు. రెండోది 2004 నుంచి వ్యాపారులకు సేవ. కంపెనీల వివరాలు, మార్కెట్ నివేదికలు, పరిశ్రమల గణాంకాలు, విడిగా కొనుక్కోవాలంటే చిన్న వ్యాపారికి తడిసి మోపెడయ్యే డేటాబేస్‌లు అక్కడ కూర్చుని చూసుకోవచ్చు. చుట్టూ ఆఫీసులే. రాగి వర్తకుడు కట్టించిన గుడిలో చిన్న వ్యాపారులకు లెక్కలు దొరకడం కన్నా సహజమైన వాడకం ఏముంటుంది? హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున 1936 నాటి భవనంలో ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయాన్ని పోటీ పరీక్షలకు చదివే పిల్లలు బతికిస్తున్నారు. పాత భవనాన్ని నిలబెట్టేది రోజూ దానితో అవసరం ఉన్న మనుషులే. వారసత్వ కట్టడమన్న బోర్డు ఒక్కటీ ఆ పని చేయలేదు.

ఇంకో సంగతి చర్చల్లో అంతగా వినపడదు. జపాన్ గ్రంథాలయ చట్టం 1950 నాటిది. ప్రభుత్వ గ్రంథాలయం లోపలికి రావడానికి గానీ, పుస్తకాలు చూడటానికి గానీ ఎలాంటి రుసుమూ వసూలు చేయకూడదని దాని 17వ సెక్షన్ చెబుతుంది. మ్యూజియమైతే అవసరాన్ని బట్టి టికెట్ పెట్టుకునే వెసులుబాటు చట్టంలోనే ఉంది. కాబట్టి పుస్తకాలు ఉన్నంతకాలం ఆ గుండ్రటి హాల్లోకి ఎవరైనా ఊరికే నడిచి వెళ్లవచ్చు. పుస్తకాలు బయటికి వెళ్లిన రోజు ఆ హామీ కూడా వెళ్లిపోతుంది. దానం చేసిన భవనాన్ని జనానికి తెరిచి ఉంచుతున్నది రాయి కాదు, ఈ చిన్న సెక్షన్.

2016 నుంచి నిర్వహణలో ప్రైవేటు సంస్థలకు భాగం ఇచ్చారు. రెండో అంతస్తులో డెన్మార్క్ తరహా ఓపెన్ శాండ్‌విచ్‌ల కేఫ్ వచ్చింది, ప్రదర్శనలు, కార్యక్రమాలు పెరిగాయి. కొందరు పుస్తకప్రియులకు ఇది నచ్చదు. నాకు అభ్యంతరం లేదు. కాఫీ కోసం వచ్చినవాడు చదివే గదిలోకి తొంగి చూసినా లాభమే, పైగా 2012 లాంటి ప్రతిపాదన మళ్లీ వస్తే ఈ జనమే సాక్ష్యం చెబుతారు. జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే. కార్యక్రమాల కోసం చదివేవాళ్ల బల్లలు ఎప్పుడైనా పక్కకు జరిగాయా అన్నది కనిపెట్టుకుని ఉండాలి.

నా ఫిర్యాదు వేరే ఉంది. ఈ గ్రంథాలయం ఆదివారాలు, ప్రభుత్వ సెలవు దినాలు మూసి ఉంటుంది. ఆఫీసుల మధ్య ఉంది కాబట్టి ఆఫీసు వేళలు పాటిస్తోంది కాబోలు. కానీ సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలని ఆలోచించే ఉద్యోగికి తీరిక దొరికేది ఆదివారమే. కేఫ్‌కు, ప్రదర్శనలకు పెట్టిన శ్రద్ధలో కొంత ఆదివారం సిబ్బంది జీతాలకు పెడితే, పుస్తకాలకు అక్కడేం పని అని అడగడం ఏ మేయర్‌కైనా కష్టమవుతుంది.