మూలకణాలిచ్చిన తోబుట్టువును ఏడాది తర్వాత ఎవరు పలకరిస్తున్నారు?

రక్తాన్ని పుట్టించే మూలకణాలను దాత నుంచి తీసి రోగికి ఎక్కించడమే మూలకణాల మార్పిడి. 1993 నుంచి 2005 దాకా జరిగిన ఈ మార్పిడుల్లో దాతలకు ఏమైందో తెలుసుకోవాలని యూరప్‌ మార్పిడి వైద్యుల సంఘం ఈబీఎంటీ ఒక సర్వే చేసింది. 338 వైద్య బృందాలను అడిగితే 262 జవాబిచ్చాయి. వాటి చేతుల మీదుగా సాగిన 51,024 మార్పిడుల్లో ఐదుగురు దాతలు చనిపోయారు. ఒకరు ఎముక మజ్జ ఇచ్చినవారు, నలుగురు చేతి నరం నుంచి మూలకణాలు ఇచ్చినవారు. ప్రాణం పోకపోయినా తీవ్రమైన ఇబ్బంది పడ్డవారు మరో 37 మంది. 2009లో ఈ వివరాలు అచ్చయ్యాయి.

దీన్ని ధైర్యం చెప్పే లెక్కగానే చదవాలి. దాదాపు పదివేల మందిలో ఒకరంటే చిన్న ప్రమాదమే. నన్ను ఇబ్బంది పెట్టేది ఆ అంకె కాదు, అది దొరికిన తీరు. దాతల సంగతి అన్నిచోట్లా ఒక పద్ధతిగా రాసిపెట్టి ఉంటే, ఏళ్లు గడిచాక ఒక్కో ఆస్పత్రినీ అడగాల్సిన అవసరమే వచ్చేది కాదు. జవాబివ్వని 76 బృందాల దాతల గురించి ఈ లెక్క ఏమీ చెప్పదు. రోగి విషయంలో ఇలా ఉండదు. ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల కణాలు న్యూట్రోఫిల్స్ ఎన్నో రోజున 500 దాటాయి, వందో రోజుకు పరిస్థితి ఏమిటి, దాత కణాలు రోగి శరీరాన్నే పరాయిదనుకుని దాడిచేసే జీవీహెచ్‌డీ ఏ గ్రేడులో వచ్చింది, ఏడాదికీ ఐదేళ్లకూ మనిషి ఉన్నాడా లేడా, అన్నీ నమోదవుతాయి. అమెరికాలో ఈ పని చూసే సీఐబీఎంటీఆర్ మూలాలు 1972 నాటివి. ఒకే చికిత్సలో ఇద్దరు మనుషులున్నారు. ఒకరి ఖాతా రోజువారీగా రాస్తున్నాం, రెండోవారి ఖాతా తెరవడమే మరిచిపోతున్నాం. అందులోనూ ఈ మరుపు ఎక్కువగా సొంత ఇంటి దాతలకే తగులుతోంది.

మూలకణాలు తీసే పద్ధతులు రెండు. మొదటిది పాతది: మత్తు ఇచ్చి, వెనక వైపు కటి ఎముక నుంచి సూదులతో మజ్జ తోడతారు. దాత బరువులో కిలోకు 20 మిల్లీలీటర్లు మించకూడదన్నది మామూలుగా పాటించే హద్దు. రెండోదాంట్లో నాలుగైదు రోజులు జీసీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు వేస్తారు. ఆ మందుతో మజ్జలోని మూలకణాలు రక్తంలోకి వస్తాయి. తర్వాత అఫెరెసిస్ యంత్రం ఒక చేతి నుంచి రక్తం తీసుకుని, కావలసిన కణాలు వేరుచేసి, మిగతాది రెండో చేతికి ఎక్కిస్తుంది. కొన్ని గంటల పని. ఇంజెక్షన్ల రోజుల్లో ఒళ్లంతా ఎముకల నొప్పులు సాధారణం. ప్లీహం చిట్లడం లాంటివి చాలా అరుదు.

పరాయి వ్యక్తి కోసం రిజిస్ట్రీ, అంటే ఇస్తామని ముందుకొచ్చినవారి జాబితా, ద్వారా ఇచ్చినవారి గురించి మనకు బాగానే తెలుసు. అమెరికా జాతీయ రిజిస్ట్రీ ఎన్‌ఎండీపీ 2004-2009 మధ్య మజ్జ ఇచ్చిన 2,726 మందినీ, రక్తం నుంచి మూలకణాలు ఇచ్చిన 6,768 మందినీ వెంబడించి చూసింది. తీవ్ర సమస్యలు మజ్జ దాతల్లో 2.38 శాతం, రక్త మూలకణ దాతల్లో 0.56 శాతం. మగవారికన్నా ఆడవారికి ముప్పు ఎక్కువని తేలింది. జీసీఎస్‌ఎఫ్ వేస్తే ముందుముందు బ్లడ్ క్యాన్సర్ వస్తుందేమోనన్న భయం చాలాకాలం ఉండేది. ఈ దాతల్లో మామూలు జనం కంటే క్యాన్సర్లు ఎక్కువగా కనిపించలేదు. ఇంత నిక్కచ్చిగా చెప్పగలిగామంటే కారణం ఒక్కటే: దానం అయిపోయాక కూడా ఎవరో ఒకరు ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడుగుతూ వచ్చారు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1983లో ముంబయి టాటా మెమోరియల్‌లో మొదటి మార్పిడి జరిగిన నాటి నుంచీ ఇక్కడ ప్రధాన దాత కుటుంబ సభ్యుడే. ప్రపంచవ్యాప్తంగా రిజిస్ట్రీల్లో పేరిచ్చినవారు నాలుగు కోట్లు దాటారు. 2009లో చెన్నైలో మొదలైన దాత్రితో సహా మన రిజిస్ట్రీలన్నీ కలిపినా ఇంకా లక్షల్లోనే ఉన్నాం. హెచ్‌ఎల్‌ఏ గుర్తులు, అంటే ఇద్దరి కణాలు కలుస్తాయో లేదో చెప్పే గుర్తులు, వంశాన్ని బట్టి వస్తాయి కాబట్టి రిజిస్ట్రీలో ఎవరి జనం ఎక్కువ ఉంటే వారికే జత దొరుకుతుంది. 2014లో అమెరికా రిజిస్ట్రీ మీద వేసిన అంచనా ప్రకారం యూరప్ మూలాలున్న తెల్లవారికి పూర్తి జత దొరికే అవకాశం 75 శాతం. దక్షిణ, మధ్య అమెరికా మూలాలున్న నల్లవారికి 16 శాతం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబం పిల్లాడికి దాత కావాలని చెంప లోపలి నుంచి నమూనా తీసే స్వాబ్ శిబిరాలు పెట్టి తిరగడం వెనక ఉన్న లెక్క కూడా ఇదే.

ఇంట్లో చూస్తే ఒక్కో తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగో వంతు. మేనరికాలున్న కుటుంబాల్లో తల్లో తండ్రో దగ్గరి బంధువో కూడా పూర్తిగా సరిపోయే సందర్భాలు మామూలు కంటే ఎక్కువ. తలసీమియా వంటి వంశపారంపర్య రక్తజబ్బు పుట్టే అవకాశమూ ఆ ఇళ్లలోనే ఎక్కువ. అదో వింత.

జత కుదిరిన క్షణం నుంచి ఆ మనిషి మీద పడే బరువు ఎవరికీ తెలియనిది కాదు. నోరు తెరిచి ఎవరూ బలవంతం చెయ్యరు, ఆ అవసరమే రాదు. పెళ్లయిన ఆడపడుచు అయితే అత్తింటివారి అనుమానాలు ఒకవైపు, పుట్టింటివారి కన్నీళ్లు మరోవైపు. తనకు బీపీ ఉందనో, నడుంనొప్పి ఉందనో చెప్పుకునే సాహసం ఎవరు చేస్తారు? పరాయి దాతకు ఈ ఇబ్బంది లేదు. చివరి నిమిషంలో వద్దన్నా అతని వైపు నిలబడే రిజిస్ట్రీ ఉంటుంది.

దీనికి కొలతలూ ఉన్నాయి. అమెరికాలో కుటుంబ దాతల కోసమే ప్రత్యేకంగా ఆర్డీసేఫ్ అనే అధ్యయనం నడిపారు. రక్త మూలకణాలిచ్చిన కుటుంబ దాతలు పరాయి దాతల కంటే ఎక్కువ బాధలు పడ్డారని, ఏడాది గడిచేసరికి పూర్తిగా కోలుకున్నామని చెప్పినవారూ వారిలో తక్కువని తేలింది. రిజిస్ట్రీ నిబంధనల ప్రకారమైతే వద్దనాల్సిన ఆరోగ్య సమస్యలుండి కూడా ఇచ్చిన బంధువుల్లో నొప్పులు ఎక్కువకాలం నిలిచాయి. ఇందులో ఆశ్చర్యం లేదు. పరాయివాడికి పెట్టిన గీత అన్నదమ్ముల దగ్గరకొచ్చేసరికి కాస్త వంగుతుంది. వంగాలనే నేనూ అంటాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మధుమేహం ఉన్న అన్నను కాదనడం తేలిక కాదు. వంచినప్పుడు ఆ మనిషిని మరింత దగ్గరగా కనిపెట్టి ఉండాలి. జరుగుతున్నది దానికి తలకిందులు.

రోగికి వైద్యం చేసే డాక్టరే దాత ఫిట్‌గా ఉన్నాడని సంతకం పెట్టడం ఇందులో మరో చిక్కు. 2010లో అచ్చయిన ఒక అమెరికా సర్వేలో 70 శాతానికి పైగా కేంద్రాల్లో ఇద్దరి బాధ్యతలూ ఒకే వైద్యుడి మీద పడే వీలు కనిపించింది. ఆ వైద్యులు చెడ్డవారని కాదు. మూడో వార్డులో పిల్లాడు చనిపోతున్నాడని తెలిసిన మనిషి దాత ఈసీజీని ఏ కళ్లతో చూస్తాడన్నదే ప్రశ్న. దాతను పరీక్షించే వైద్యుడు వేరుగా ఉండాలని తర్వాత ఆస్పత్రులకు గుర్తింపు ముద్ర వేసే అంతర్జాతీయ అక్రెడిటేషన్ ప్రమాణాల్లోనే చేర్చారు. ఆ ముద్ర కోసం చూడని చిన్న కేంద్రాల్లో దీన్ని పాటించేలా చూసేదెవరు?

దాతకు మేలు జరిగితే రోగికి నష్టం, రోగికి మేలు జరిగితే దాతకు నష్టం అనుకోవడం కూడా సరికాదు. మధ్యలో మూడోవాడున్నాడు: ఆస్పత్రి సౌకర్యం. అమెరికా, కెనడాల్లో 551 మంది రోగుల మీద జరిపిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2012లో వచ్చాయి. పరాయి దాతల మజ్జ, పరాయి దాతల రక్త మూలకణాలు, ఏది మంచిదన్నది అందులో ప్రశ్న. రెండేళ్లకు బతికున్నవారు మజ్జతో 46 శాతం, రక్త మూలకణాలతో 51 శాతం. గణాంకాల రీత్యా ఆ తేడా లెక్కలోకి రాదు. ఎక్కించిన కణాలు నిలవకపోవడం మజ్జతో 9 శాతం, రక్త మూలకణాలతో 3 శాతం. దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ మాత్రం రక్త మూలకణాలతో 53 శాతం, మజ్జతో 41 శాతం. ఐదేళ్ల తర్వాత మళ్లీ చూస్తే మజ్జ తీసుకున్నవారే మానసికంగా మెరుగ్గా ఉన్నారు, ఉద్యోగాలకు తిరిగి వెళ్లినవారూ వారిలో ఎక్కువ.

ఇంత తెలిశాక కూడా పెద్దల మార్పిడుల్లో ఎక్కువ భాగం రక్త మూలకణాలతోనే సాగుతున్నాయి. ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు, మత్తు డాక్టర్ అక్కర్లేదు, కణాలు త్వరగా కుదురుకుంటాయి. దాతకూ తీవ్ర సమస్యలు తక్కువే. రోగి ఏళ్ల తరబడి పడే చర్మం, నోరు, కళ్ల బాధలు మాత్రం ఆ నిర్ణయం తీసుకున్న గదిలో కనిపించవు.

మనవైపు ఇది ఇంకా జటిలం. మజ్జ ఎండిపోయిన అప్లాస్టిక్ అనీమియాలోనూ తలసీమియాలోనూ జీవీహెచ్‌డీ వల్ల రోగికి వచ్చే లాభమేమీ లేదు. బ్లడ్ క్యాన్సర్‌లో అయితే దాత కణాల దాడి మిగిలిన క్యాన్సర్ కణాల మీదా పడుతుంది; ఇక్కడ చంపాల్సిన క్యాన్సర్ కణమే లేదు. పుస్తకం ప్రకారం మజ్జే సరైనది. కానీ మన దగ్గరికి పిల్లలు ఆలస్యంగా వస్తారు. అప్పటికే పదుల సార్లు రక్తం ఎక్కించి ఉంటుంది, కాలేయం పెరిగి ఉంటుంది, ఇన్ఫెక్షన్లు ముదిరి ఉంటాయి. అందుకే వెల్లూరు సీఎంసీ వైద్యులు హై రిస్క్ తలసీమియా పిల్లలకు పాత మజ్జను ఖాళీ చేసే ట్రియోసల్ఫాన్ మందుతో పాటు రక్త మూలకణాలు వాడి, మెరుగైన ఫలితాలు వచ్చాయని 2013లో ప్రచురించారు. దాన్ని తప్పుపట్టే అర్హత బయటివాళ్లకు లేదు. కాకపోతే తలసీమియాలో దాత చాలాసార్లు పదేళ్లు నిండని అక్కో తమ్ముడో. బరువు చాలా తక్కువున్న పిల్లల నుంచి యంత్రంతో కణాలు తీయాలంటే ముందుగా ఆ గొట్టాలను మరొకరి రక్తంతో నింపాల్సి వస్తుంది. చేతి నరాలు చాలకపోతే మెడ దగ్గరో తొడ దగ్గరో లైన్ వేయాలి. మజ్జ తీసినా చిక్కులున్నాయి: నాలుగేళ్లలోపు పిల్లల నుంచి కిలోకు 20 మిల్లీలీటర్లు దాటి తీస్తే ఆ చిన్న దాతకే రక్తం ఎక్కించాల్సిన అవసరం పెరుగుతుందని యూరప్ అధ్యయనం ఒకటి చూపించింది. అంటే జబ్బులేని పిల్లను ఆస్పత్రిలో పెట్టి రక్తమార్పిడి ముప్పులోకి దించుతున్నాం. తప్పనిసరి కావచ్చు. రాసిపెట్టాల్సిన విషయమైతే అవును.

పిల్లలు దాతలయ్యే సందర్భాలకు అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2010లో ఐదు షరతులు పెట్టింది. పెద్దల్లో అంతే సరిపోయే దాత లేకపోవాలి, ఇద్దరి మధ్య నిజమైన అనుబంధం ఉండాలి, రోగికి మేలు జరుగుతుందన్న నమ్మకం ఉండాలి, దాతకు ముప్పును వీలైనంత తగ్గించాలి, తల్లిదండ్రుల అనుమతితో పాటు తగినచోట పిల్ల ఒప్పుకోలూ ఉండాలి. ఆ పిల్ల తరఫున మాట్లాడే స్వతంత్ర వ్యక్తి ఒకరుండాలని కూడా చెప్పింది. మన దగ్గర ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టేది రోగి తల్లిదండ్రులే, దాత తల్లిదండ్రులూ వాళ్లే. ఆ రెండు పాత్రల మధ్య నలిగే అమ్మకు సాయంగా ఒక సోషల్ వర్కర్‌ను కూర్చోబెట్టడానికి విదేశీ సాంకేతికత అక్కర్లేదు.

ఇప్పుడు సగమే సరిపోయే దాతతో చేసే హాఫ్ మ్యాచ్ మార్పిడులు వేగంగా పెరుగుతున్నాయి. జాన్స్ హాప్కిన్స్ వైద్యులు అభివృద్ధి చేసిన పద్ధతిలో మార్పిడి తర్వాత దాత కణాల దాడిని అణచే సైక్లోఫాస్ఫమైడ్ మందు ఇవ్వడంతో తల్లి, తండ్రి, కొడుకు ఎవరైనా దాత కావచ్చు. అదే మందు పూర్తిగా సరిపోయే దాతలతో కూడా పనికొస్తుందని 2023లో వచ్చిన ట్రయల్ చూపించింది: తీవ్రమైన జీవీహెచ్‌డీ లేకుండా, జబ్బు తిరగబెట్టకుండా ఏడాది గడిపినవారు 52.7 శాతం, పాత పద్ధతిలో 34.9 శాతం. రోగులకు ఇది గొప్ప వార్త. దాతల వైపు నుంచి చూస్తే యాభై దాటిన బీపీ, షుగర్ ఉన్న అమ్మానాన్నలు పెద్ద సంఖ్యలో జీసీఎస్‌ఎఫ్ వేయించుకోబోతున్నారని అర్థం.

వారిలో కొందరి రక్తంలో ఇంకో సంగతి బయటపడుతుంది. 55 ఏళ్లు దాటిన 500 మంది కుటుంబ దాతలను జర్మన్ పరిశోధకులు పరీక్షిస్తే, 16 శాతం మందిలో రక్త మూలకణాల్లో వయసుతో వచ్చే జన్యు మార్పులు కనిపించాయి. మొత్తం మీద రోగుల ఆయుష్షు అందువల్ల తగ్గలేదని 2019లో ప్రచురించిన ఫలితాలు చెప్పాయి. రోగి సంగతి అలా తేలింది. ఆ మార్పులున్నవారికి మున్ముందు రక్త క్యాన్సర్, గుండెజబ్బు ముప్పు కొంత ఎక్కువని వేరే పరిశోధనలు చెబుతున్నాయి. ఈ పరీక్షలు మన ల్యాబుల్లోకీ వస్తున్నాయి. కొడుకుకు కణాలిచ్చి ఇంటికెళ్లిన తండ్రికి ఆ రిపోర్టు చూపించాలా, చూపిస్తే ఎవరు, తర్వాత ఏ డాక్టర్ దగ్గరికి పంపాలి అన్నది దానానికి ముందు సంతకం పెట్టించే కాగితంలోనే తేల్చుకోవాలి. ఏటా ఒకసారి ఆయనకు ఫోన్ చేసే బాధ్యత ఏ డెస్కుదో కూడా అందులోనే రాయాలి.